పాత బంగ్లా టేకు వేలం ఆపండి, ఆ కలపతోనే చర్చికి పైప్ ఆర్గన్ కట్టుకుందాం: సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియమైన అయ్యగారికి, సంఘ పెద్దలకు, బిల్డింగ్ కమిటీ సభ్యులకు వందనాలు.

మన చర్చిలో చిన్న పైప్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మెట్లతో వాయించే వాయిద్యం, కట్టుకోవడానికి అనుమతి ఇవ్వమని క్వైర్ (పాటల బృందం) తరఫున, మన సంఘంలోని వడ్రంగుల తరఫున కమిటీకి విన్నపం రాసి ఇచ్చాం. అంచనా, బొమ్మలు, ఏ దశలో ఏ పని అన్న వివరం అన్నీ జతపరిచాం. జవాబు రాలేదు. సర్వసభ్య సమావేశంలో మాట్లాడదామంటే ఎజెండాలో ఆ అంశమే లేదు. లేచి అడిగితే, "గన్ని పైసలు యాడికెళ్ళి తెస్తం బిడ్డా, అది దొరల వాయిద్యం" అని ఒక పెద్దాయన ప్రేమగానే అన్నారు. సభ నవ్వింది, చర్చ అక్కడితో అయిపోయింది. అదే సభలో ఎల్‌ఈడీ తెర, కొత్త సౌండ్ సిస్టమ్, ఫాల్స్ సీలింగ్ కోసం 11 లక్షల కొటేషన్ చేతులెత్తి ఆమోదించారు. ఇప్పుడు చర్చి వెనకున్న పాత మిషన్ బంగ్లా కూల్చివేత నోటీసు బోర్డు మీదికెక్కింది. దూలాలు, వాసాలు, తలుపులు, కిటికీలు "ఉన్నవి ఉన్నట్టుగా" వేలం వేస్తారట.

ఇక ఆగితే అడగడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ విషయం సంఘమంతటికీ, మనలాంటి పాత బంగ్లాలే ఉన్న పాలమూరు, నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి సంఘాలకూ తెలిసేలా రాస్తున్నాను. పైకప్పు కారకుండా బాగు చేయించింది ఈ కమిటీయే, ఆ మేలు మరిచిపోలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు విన్నపం చదవకుండానే కాదన్నారని మా బాధ.

1. ముందు ఖర్చు సంగతి. పైప్ ఆర్గన్ అనగానే కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లోనో, చెన్నై సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లోనో గోడంత ఎత్తు నిలబడే వాయిద్యం కళ్ళముందు మెదులుతుంది. మేం అడిగింది బీరువా అంత వాయిద్యం. వేళ్ళతో నొక్కే మెట్లు (కీలు) 49, మెట్టుకొక గొట్టం చొప్పున రెండు వరుసలు, మొత్తం 98 చెక్క గొట్టాలు. కాలితో వాయించే పెడల్ మెట్లు లేవు, సత్తు గొట్టాలు లేవు. ఇలాంటి చిన్న పెట్టె ఆర్గన్ యూరప్‌లో కొన్నా పదుల వేల యూరోలవుతుంది, ఓడ కిరాయి, సుంకం వేరే. అందుకే కొనిపెట్టమని మేం ఎన్నడూ అడగలేదు, కట్టుకోనివ్వమన్నాం.

మా అంచనా మూడేళ్ళలో 4.5 లక్షలు. గాలి బ్లోయరు, కరెంటు పని 60 వేలు. తోలు, ఫెల్టు, జిగురు, తీగ, స్ప్రింగులు 70 వేలు. మెట్లు, వాటి నుంచి గాలిపెట్టె (గొట్టాలకు గాలి అందించే పెట్టె) దాకా పోయే చెక్క పుల్లల ఏర్పాటు 80 వేలు. సామిల్లు కోత, కొత్తగా కొనాల్సిన కలప 50 వేలు. కూలి 1.6 లక్షలు. అనుకోని ఖర్చులకు 30 వేలు. ఈ లెక్క మొత్తం ఒక్క విషయం మీద నిలబడింది: బంగ్లా టేకు మనకే ఉండాలి. అది వేలంలో పోతే, బయట అంత ఎండిన టేకు కొనాలంటే అంచనా రెట్టింపు దగ్గరికి పోతుంది. వేలంలో కాంట్రాక్టరు దానికి వంటచెరకు కన్నా కాస్త ఎక్కువ రేటు కడతాడు, అంతే.

2. ఆ టేకు గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీ నోటీసులో దాన్ని "పాత కలప" అని రాశారు. ఆర్గన్ గొట్టం పలకాలంటే చెక్క వంగకూడదు, పగలకూడదు, అతుకు విడవకూడదు. అతుకులో వెంట్రుకంత సందు పడినా గొట్టం మూగబోతుంది. కొత్తగా కోసిన టేకు ఎంత మంచిదైనా మన ఎండలకు మెలి తిరుగుతుంది. దశాబ్దాలుగా కప్పు కింద ఎండిన దూలం ఇక తిరగాల్సిన మెలి ఎప్పుడో తిరిగేసింది. చేవదేరిన టేకు కనుక చెద కూడా సులువుగా అంటదు. అలాంటి కలపను ఏ అడితిలో అడిగినా ఉందని చెప్పరు.

ఊరికే అనడం లేదు. బంగ్లా కిటికీ రెక్క ఒకటి విరిగి బయట పడి ఉంటే, సంఘంలో జీవితమంతా రందా పట్టి బతికిన పెద్దవడ్రంగి దాంతో ఒక గొట్టం చేశారు. ముందు అయస్కాంతంతో తడిమి మేకులన్నీ ఏరి తీశారు, లేకపోతే రంపం పళ్ళు పోతాయి. నాలుగు పలకలు, అడుగున దిమ్మ, దిమ్మకూ ముందు పలకకూ నడుమ పోస్టుకార్డు దూరేంత సందు. ఆ సందులోంచి గాలి పలచటి రేకులా లేచి, ముందు పలకకు కోసిన నోటి పై పెదవి అంచుకు కొట్టుకుంటే స్వరం పుడుతుంది. కష్టమంతా ఆ నోరు కోయడంలోనే ఉంది. ఎత్తు తక్కువైతే గొట్టం కీచుమని పై స్వరంలోకి ఎగురుతుంది, ఎక్కువైతే గాలి బుస తప్ప స్వరంలో పస ఉండదు. ఉలితో దారమంత తీయాలి, ఊదాలి, వినాలి, మళ్ళీ తీయాలి. పైన తోలు చుట్టిన బిరడా. లోపలికి నెడితే శృతి పెరుగుతుంది, పైకి లాగితే దిగుతుంది. నోటితో ఊదితేనే ఆ స్వరం వెస్ట్రీ గదిని నింపింది. ఆ గొట్టం ఇప్పుడు కూడా వెస్ట్రీ బల్ల మీదే ఉంది. కమిటీ సభ్యులెవరైనా ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి ఊది చూడవచ్చు.

ఆ బిరడాయే మన బీద బడ్జెట్‌కు ఆధారం. అన్నింటికన్నా మంద్రంగా పలకాల్సిన సి స్వరానికి పైన తెరిచి ఉన్న గొట్టమైతే ఎనిమిది అడుగులు కావాలి. పైన మూసేస్తే నాలుగడుగుల గొట్టమే అదే స్వరం పలుకుతుంది. సగం కలపతో పని అయిపోతుంది, చర్చిలో పెద్ద గొట్టం కూడా మనిషి ఎత్తు దాటదు. నాదం కొంచెం గుండ్రంగా, మెత్తగా వస్తుంది. సంఘం పాటకు తోడు నడవడానికి ఆ మెత్తదనమే మేలు.

3. "గాలి యంత్రం విదేశాల నుంచి రావాలి కదా" అన్న సందేహం కొందరిది. అక్కర్లేదు. చిన్న సింగిల్ ఫేజ్ బ్లోయరు, చప్పుడు బయటికి రాకుండా దానికి లోపల మెత్త వేసిన చెక్కపెట్టె చాలు. బ్లోయరు గాలి నేరుగా గొట్టాల్లోకి పోదు. ముందు తిత్తిలోకి పోయి, తిత్తి మీద పెట్టిన బరువు వల్ల ఒకే ఒత్తిడితో గాలిపెట్టెలోకి పోతుంది. మనకు కావలసిన ఒత్తిడి 60 మిల్లీమీటర్ల నీటిమట్టం. దాన్ని కొలిచే సాధనం మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శకపు ట్యూబే: వంచి నీళ్ళు పోసి, ఒక కొస గాలికి తగిలిస్తే రెండు వైపుల నీటి తేడా కనిపిస్తుంది. తిత్తి పైపలక రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉంటే ఆ ఒత్తిడికి పలకతో కలిపి సుమారు 33 కిలోల బరువు కావాలి. షాబాదు బండ ముక్కలు పేర్చితే సరిపోతుంది, అవి చర్చి ఆవరణలో పడే ఉన్నాయి.

తిత్తి మడతలకు, గాలి మూతలకు మెత్తని గొర్రె తోలు కావాలి. ఇక్కడ ఒక మాట పెద్దలు మనసు పెట్టి వినాలి. మన సంఘాల్లో ఎన్ని కుటుంబాల తాతలు లందల్లో తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసినవారు! ఆ పని చేసినందుకే వాళ్ళను ఊరి చివర ఉంచారు. ఆ చేతుల నైపుణ్యం లేకుండా ఈ వాయిద్యానికి ఊపిరి లేదు. ఆరాధనలో ప్రతి పాట కింద ఆ పని వినబడాలని నా కోరిక, అందులో నాకు దాపరికం లేదు.

4. పాలమూరు ఎండ సంగతి మేం మరిచిపోలేదు. గాలి వేడెక్కితే గొట్టం శృతి పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 3 సెంట్లు (ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ ఉన్న దూరంలో నూరో వంతు ఒక సెంటు). డిసెంబరు పొద్దుటికీ ఏప్రిల్ మధ్యాహ్నానికీ చర్చి లోపల 20 డిగ్రీల తేడా ఉంటే, శృతి ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకున్న దూరంలో సగానికి మించి జరుగుతుంది. గొట్టాలన్నీ ఒకే తీరున జరుగుతాయి కాబట్టి ఆర్గన్ తనతో తాను శృతిలోనే ఉంటుంది. తబలాను దానికి కలుపుకోవచ్చు, కీబోర్డుకు శృతి సవరించే మీట ఉండనే ఉంది. ఎండకు ఇలా కలిసి జరగని రీడ్ గొట్టాలు (లోపల లోహపు నాలుక అదిరి పలికేవి) అసలే పెట్టడం లేదు.

5. "దొరల వాయిద్యం" అన్న మాటకు జవాబు చెప్పాలి. ఈరోజు మన ఆరాధన, మన భజన, మన నాటకం హార్మోనియం లేకుండా లేవు. దానికి పేటెంటు 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ తీసుకున్నాడు. మన సంగీతానికి సరిపడదని 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది, మూడు దశాబ్దాలకు గానీ ఆంక్ష సడలలేదు. ఈలోగా కలకత్తా, గుజరాత్‌లోని పాలిటానా పనివాళ్ళు దాన్ని మనదిగా చేసేశారు. రాగం, తాళం పైన రాసి ఉండే మన కీర్తనల్లో గమకాలను ఆర్గన్ పలకలేదు, నిజమే. హార్మోనియమూ పలకలేదు. గమకం పాడే గొంతుది. వాయిద్యం శృతి పట్టి ఉంచాలి, నాలుగు వందల మంది ఒక్క గొంతుగా పాడేందుకు కింద నేలలా నిలవాలి.

ఉన్నదానితో కట్టుకోవడం మనతోనే మొదలు కాలేదు. ఫిలిప్పీన్స్‌లో మనీలా దగ్గర లాస్ పినాస్ చర్చిలో వెదురు ఆర్గన్ ఉంది. ఫాదర్ దియేగో సేరా 1816లో మొదలుపెట్టి 1824లో పూర్తి చేశారు. 1,031 గొట్టాల్లో 902 వెదురువే. పురుగు పట్టకుండా వెదుర్లను ముందు సముద్రపు ఇసుకలో పాతిపెట్టారట. భూకంపాలకు, తుఫానులకు దెబ్బతింటే 1970లలో జర్మనీ పంపి బాగు చేయించుకున్నారు. రెండు వందల ఏళ్ళు దాటినా అక్కడి జనం దాన్ని వింటూనే ఉన్నారు. మనకు వెదురు బదులు టేకు ఉంది.

6. ఇప్పుడు మామూలు జనానికి జరిగే నష్టం. ఆ 11 లక్షలు ఎక్కడివి? అమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం నుంచి, కోత పండుగ వేలంలో గుమ్మడికాయకు, కోడిపుంజుకు పాడిన పాట నుంచి వచ్చినవి. మన కీబోర్డు బోర్డు కాలిపోయినప్పుడు హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. ఆ మోడల్ పార్టులు ఆగిపోయాయి, కొత్తది కొనుక్కొమ్మన్నారు. తెర గతీ, మిక్సర్ గతీ రేపు అదే. చెక్క గొట్టం చెడితే సంఘంలో వడ్రంగి బాగు చేస్తాడు. స్విట్జర్లాండ్‌లో సియోన్ పట్టణంలో 15వ శతాబ్దపు ఆర్గన్ ఇంకా వాయిస్తున్నారు.

కరెంటు పోయిన మధ్యాహ్నం చర్చిలో ఎవరి అంత్యక్రియల ఆరాధనైనా గుర్తు తెచ్చుకోండి. మైకు లేదు, కీబోర్డు లేదు, ఏడుపు మధ్య పాట ఎత్తుకునేవాళ్ళు లేక ఆ కుటుంబం ఎంత ఒంటరిదైపోతుందో చూశాం. మా ఆర్గన్ తిత్తికి చేతిపిడి కూడా ఉంటుంది. పక్కన ఒక పిల్లవాడు ఊదుతుంటే కరెంటు లేకున్నా వాయిస్తాం. వినికిడి తగ్గిన ముసలివాళ్ళు స్పీకరు హోరుకు వెనక బెంచీల్లోకి జరిగి జరిగి, ఇప్పుడు కొందరు వరండాలోనే కూర్చుంటున్నారు. వాళ్ళను మళ్ళీ లోపలికి పిలిచే దారి కూడా ఇదే.

7. పని. పాలమూరు అంటే దేశమంతా వలస కూలీల జిల్లా అంటారు. మన సంఘంలో వడ్రంగం చేతనైన పిల్లలు రెడీమేడ్ తలుపుల వల్ల పని లేక బొంబాయి, పుణె సెంట్రింగు పనులకు పోయారు. 1.6 లక్షల కూలి మూడేళ్ళపాటు ఇక్కడే పంచుకుంటే పెద్ద మొత్తమేమీ కాకపోవచ్చు. కానీ ఇద్దరు పిల్లలు ఈ పని నేర్చుకుంటే, మూలన పడి ఉన్న, కాలితో తొక్కి వాయించే పాత ఆర్గన్లను, హార్మోనియాలను బాగు చేసే చేతులు ఈ జిల్లాలోనే ఉంటాయి.

8. ఫాల్స్ సీలింగ్ వేయకండి. డంగు సున్నం గోడలు, ఎత్తైన కప్పు, బండల నేల: మన పెద్దలు కట్టిన ఈ చర్చి పాటను కాసేపు పట్టుకుని తిరిగి మనకే ఇస్తుంది. సీలింగు, కార్పెట్ వేస్తే ఆ ప్రతిధ్వని చచ్చిపోతుంది. అప్పుడు పాట వినబడటం లేదని ఇంకా పెద్ద స్పీకర్లు కొనాల్సి వస్తుంది.

రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం అయ్యగారు ఎన్నోసార్లు బోధించారు. యాజకుడైన యెహోయాదా పెట్టె మూతకు బెజ్జం వేసి కానుకలు పోగుచేశాడు, ఆ డబ్బు మందిరం బాగుచేసే వడ్రంగుల చేతికి వెళ్ళింది. మేం అడిగే పద్ధతీ అదే. కాబట్టి మా డిమాండ్లు ఇవి.

అ) బంగ్లా కలప వేలం వెంటనే నిలిపివేయాలి. కూల్చివేత తప్పదనుకుంటే దూలాలు, వాసాలు, తలుపులు పెద్దల సమక్షంలో లెక్క రాసి, వాన తగలకుండా పారిష్ హాలులో పెట్టించాలి. వాటిలో ఆర్గన్‌కు పనికొచ్చేవి వడ్రంగులు ఏరుకున్నాక మిగిలినవి అమ్ముకోండి, మాకు అభ్యంతరం లేదు.

ఆ) వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఆర్గన్ ప్రతిపాదన చేర్చాలి. స్త్రీల సమాజం, యువజన సంఘం వాళ్ళకు కూడా మాట్లాడే అవకాశం ఇచ్చి ఓటుకు పెట్టాలి. సంఘం వద్దంటే ఆ తీర్పుకు తలవంచుతాం.

ఇ) ఓటు అయ్యేదాకా సీలింగు, తెర కోసం అడ్వాన్సు ఎవరికీ ఇవ్వకూడదు.

ఈ) మొదటి దశకు మాత్రమే, 2.6 లక్షలు మంజూరు చేయాలి. తిత్తి, రెండు వరుసలకు సరిపోయే గాలిపెట్టె, మెట్లు, మొదటి వరుస 49 గొట్టాలు అందులో అయిపోతాయి. అది వాయించి వినిపించాక సంఘానికి నచ్చితేనే రెండో వరుస. డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, ప్రతి నెలా జమాఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఖాతా మా చేతికివ్వమని అడగడం లేదు, ట్రెజరర్ గారి దగ్గరే ఉంచండి.

ఉ) పారిష్ హాలు వెనక గది పనిచోటుగా ఇవ్వాలి, ఇద్దరు యువకులను కూలి ఇచ్చి పనిలో పెట్టుకోవాలి.

మిగతా సంఘాల పెద్దలకు ఒక విన్నపం. మీ మిషన్ కాంపౌండ్లలోనూ పాత బంగ్లాలు, బడి గదులు కూలుతున్నాయి. కలప అమ్మేముందు ఒక్కసారి మీ వడ్రంగిని పిలిచి చూపించండి. మా బొమ్మలు, కొలతలు ఎవరడిగినా ఉచితంగా ఇస్తాం.

వేలం తేదీకి ముందే కమిటీ నుంచి రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. అవునన్నా కాదన్నా కారణాలతో ఇవ్వండి. జవాబు రాకపోతే, సంఘ నియమావళి ప్రకారం ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలవమని సభ్యుల సంతకాలు సేకరించి అయ్యగారికి అందజేస్తాం. ఆ కాగితం మీద మొదటి సంతకం పెద్దవడ్రంగి గారు ఇప్పటికే పెట్టారు.

ప్రభువు సేవలో,
క్వైర్, వడ్రంగి సహోదరుల తరఫున
మీ సంఘ సభ్యుడు, క్వైర్ కీబోర్డు వాద్యకారుడు
పాలమూరు